తౌడు బరువు

మైకు చేతికిచ్చే ముందు
కొత్త కుర్రాడికి ఒక్కటే చెప్పాను:
బారు మీద చెయ్యి పడ్డాక నోరు తెరవకు.
"అప్పుడే కదక్కా చెప్పాల్సింది" అన్నాడు.
వాడి తప్పు కాదు.
వాడు గురువులు గారిని వినలేదు.

పిన్నింటి గురువులు.
నెల్లిమర్ల జూట్‌మిల్లులో మగ్గాల ఖాతా.
ఎడమ చెవి మగ్గాలకిచ్చేశాడు,
కుడిచెవి మాకోసం దాచాడు.
సైరన్ కూసి షిఫ్టు దిగితే
చొక్కా మీద నారపీచుతోనే వచ్చి
మైకుకి తెల్ల రుమాలు చుట్టేవాడు
చలిగాలిలో పసిబిడ్డకి చెవులు కప్పినట్టు.

పోటీ రోజు పొద్దున్నే హైస్కూలు మెట్ల మీద కూచుని
ఒక్కొక్కరినీ పిలిచి అడిగేవాడు,
బరువు కాదు, అది కాటా చూసుకుంటుంది,
"నీ పేరు ఎవలెట్టినార్రా?"
మిల్లు జీతాల పుస్తకం వెనక పేజీల్లో
పేరు పక్కన కథ రాసుకునేవాడు.

నా ఏడు జిల్లా పోటీలు.
నలభై ఎనిమిది కేజీల ఆడపిల్లలు.
రెండెత్తులు పోయాయి. రెండుసార్లూ ఎర్రదీపాలు.
మూడోసారి మైకులో నా పేరు:
మజ్జి తౌడమ్మ.
జనం నవ్వారు. వెనక బెంచీల నుంచి ఎవడో
"తౌడుకి గాలేస్తే ఎగిరిపోద్ది" అన్నాడు.
నా అరచేతుల్లో సుద్దపొడి ముద్దయిపోయింది.

మైకు కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, తొందర లేకుండా,

"నవ్వుతన్నారేటి బాబూ?
ఇద్దరు పిల్లలు పోయినాక పుట్టిన గుంట.
సేటెడు తౌడుకి పక్కింటోళ్లకి అమ్మీసి
మళ్లీ కొనుక్కుంది కన్నతల్లి,
సావు గుర్తుపట్టకుండా ఉంటాదని.
ఆ తౌడు ఎంత బరువో
మీకెవలికైనా తెలిస్తే సెప్పండి.
బారు మీద అరవై రెండు.
మజ్జి తౌడమ్మ."

అంతే.
నేను వంగాను. బారు పట్టాను.
మైకు ఊపిరి కూడా వినబడలేదు.
అంత నిశ్శబ్దం నాకు ఎవరూ అంతకుముందు ఇవ్వలేదు,
ఇంట్లో గానీ, బడిలో గానీ.
దాన్ని కూడా బారుతో పాటే ఎత్తాను.

మూడు తెల్లదీపాలు.

మిల్లు మూసేశారు, తెరిచారు, మళ్లీ మూసేశారు.
ఆయన దగ్గు మాత్రం మూత పడలేదు.
మహారాజా ఆసుపత్రిలో డాక్టరు
ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి
"ఇదంతా నార, ఈ తెల్లగా ఉన్నదంతా" అంటే
"తెల్లదైతే మంచిదే కదండీ,
మా ఆటలో ఎర్రదే సెడ్డది" అన్నాడట.
అది చెప్పి నవ్వబోయి
వాళ్లావిడ గుమ్మం అవతలికి వెళ్లిపోయింది.

చంపావతి ఒడ్డుకి పాడె.
మోసినవాళ్లం ఒకప్పుడు ఆయన నోట పడ్డవాళ్లమే.
ఒకడు రైల్వే, ఇద్దరు మిలటరీ, నేను పోలీసు.
"ఆడకూతురు పట్టకూడదు" అందో గొంతు.
నా పక్కనున్న పెదకాపు వెనక్కి తిరిగి చూశాడు.
ఆ గొంతు మళ్లీ రాలేదు.
ఎంతున్నాడు? నలభై కేజీలుండడు.
నేను మొట్టమొదట ఎత్తిన బరువుకన్నా తక్కువ.
అయినా భుజం మీదికి వచ్చేసరికి మోకాళ్లు వణికాయి.
మైకుసెట్టు సన్యాసిరావు అలవాటు కొద్దీ
రిక్షాలో బాకా కట్టుకొచ్చాడు.
ఎవరూ మాట్లాడలేదు.
రుమాలు లేని మైకు ఏటి గాలిని పట్టుకుని
కట్టెలు అంటుకునేదాకా గుయ్యిమంటూనే ఉంది.

ఇవాళ కుర్రాడు మాట నిలబెట్టుకున్నాడు.
బారు పట్టగానే ఆగాడు.
కాని అంతకుముందు చదివింది
"నంబరు పదకొండు" అని మాత్రమే.

పదకొండు రెండో ఎత్తు దించేసి
మెట్ల మీద కూలబడింది. ఎర్రదీపాలు.
పక్కన కూచున్నాను. ఏమనాలో తెలీక అడిగాను:
"అమ్మీ, నీ పేరు ఎవలెట్టినారు?"
"తెలీదక్కా." ముక్కు తుడుచుకుంది.
"మాయమ్మకి తెలుసు. అదుగో, గోడ కాడ."

పోయి అడిగిరా, అన్నాను.
మూడో ఎత్తుకి ఇంకా రెండు నిమిషాలుంది.