మేనమామ పోలిక

ప్లేటు మూత తీయగానే
నేరేడుపండు చిదిమినట్టు ఊదారంగు.
గుంటూరు కొత్తపేటలో పదకొండేళ్లుగా ఈ బల్ల ముందు కూర్చుంటున్నాను.
పచ్చనివి చూశాను, ఎర్రనివి చూశాను,
పాలమీగడలాంటివి లెక్కలేనన్ని.
ఇంత అందమైనది
ఒక పిల్లాడి కాలేయపు గడ్డలోంచి రావడం
ఇదే మొదలు.

చీటీ మీద: నాగుల్ మీరా, ఐదేళ్లు, మగ.

వానల్లో పీకలవాగు ఒడ్డున మోకాలు గీరుకుపోయిందట.
అదే బురదలో అదే వీధి పిల్లలు పదిమంది
దొర్లి, లేచి, కడుక్కుని, అన్నాలు తిన్నారు.
మట్టిలో ఎప్పుడూ ఉండేదే ఈ పురుగు.
ఎవరి జోలికీ పోదు,
గడియ లేని ఇల్లు దొరికితే తప్ప.

తల్లి మస్తాన్‌బీ మిరపకాయల తొడిమలు తీస్తుంది.
ఆమె కిటికీ దగ్గరికొస్తే నాకు తుమ్మొస్తుంది.
"వాడి ఒంటిమీద చెయ్యి వెయ్యాలంటే
కొబ్బరినూనె రాసి, కడిగి, మళ్లీ రాస్తానండీ.
అయినా మంట పోదు."

డాక్టరుగారు అడిగింది ఒక్కటే:
మీ పుట్టింట్లో మగపిల్లలు?
ఇద్దరండీ. బాజీ, సైదులు.
బాజీ నాలుగేళ్లకి, సైదులు ఏడేళ్లకి. గడ్డలు లేచి.
దిష్టన్నారు. ఎవరో మందు పెట్టారన్నారు.
మా నాన్న దర్గాలో మేకపోతునిచ్చాడు.
వీడు పుట్టినప్పుడు మా అమ్మ ఎత్తుకుని
అచ్చం సైదులేనని ఏడ్చింది.
మేనమామ పోలిక, అదృష్టమని
వీధంతా బెల్లం పంచింది.

పరీక్షలో పోల్చి చూడ్డానికి ఒక మంచి రక్తం కావాలి.
నాదే తీసుకున్నాను.
పసుపుపచ్చ మందు చుక్కేసి, వెచ్చగా ఉంచి,
అద్దం కింద చూస్తే
నా కణాలు కాటుక పట్టినట్టు నల్లనీలం.
మీరావి మింగాయి. మింగి ఊరుకున్నాయి.
పురుగునీ అంతే, మింగుతాయి,
లోపల పొయ్యి రాజుకోదు.
వందలో ఒక్కటీ నల్లబడలేదు.
మూడుసార్లు లెక్కపెట్టాను,
తప్పు నాదైతే బాగుండునని.

తర్వాత తల్లిది.
సగం నల్లన, సగం ఉత్తవి.
ఆమెనే కూర్చోబెట్టి చూపించాను.
కంటికి చెయ్యి తగలకుండా
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూసింది.
"నేను బతకడానికి ఈ సగం సరిపోయిందా?"
సరిపోయిందమ్మా.
"వాడికి రెండో సగం ఇచ్చానా?"
నా రిపోర్టు కాగితంలో
దానికి గడి లేదు.

ఇరవై రెండో రోజుకి జ్వరం దిగింది.
రోజూ మాత్ర. వాగు వద్దు, తడిగడ్డి వద్దు,
పూలకుండీల మట్టి తవ్వొద్దు.
మీరా అంతా విని
"వాన కూడానా?" అన్నాడు.
ఎవరూ వెంటనే చెప్పలేదు.

వెళ్లేముందు వాళ్లక్క గౌసియా, తొమ్మిదేళ్ల పిల్ల,
చెయ్యి పైకి మడిచి
కిటికీలోంచి మోచెయ్యి లోపలికి పెట్టింది.
"నేనెవరి పోలికో చూడు."

సూది కాగితం
ఇంకా చింపలేదు నేను.