పొగ లేని పడవ

పొగ వద్దంది దొరసాని.
తెల్లటి పింగాణీ మీద మసి ఏమిటని.
మా మేస్త్రీ తల ఊపాడు.

సరే, ఎల్బే నది మీద
ఆవిరి పడవ వేశాను, పొగ లేకుండా.
చక్రం తిరుగుతోంది, జెండా ఎగురుతోంది,
పైన గొడుగుల కింద ముగ్గురు ఆడవాళ్లు.
పూసినప్పుడు నీళ్లు బూడిదరంగే;
బట్టీ మంట తాకితేనే
నది నీలమవుతుంది.

మా తమ్ముడు లోరెంట్స్ ఆ పడవ అడుగునే
బొగ్గు ఎగదోస్తాడు.
ఆదివారం ఇంటికొస్తే
దగ్గు ముందు వస్తుంది, తర్వాత వాడు.
గోళ్లు ఎంత తోమినా తెల్లబడవు.

కప్పు బోర్లించాను.
ఒంటివెంట్రుక కుంచెతో
అడుగున, గుర్తు వేసే చోట,
చిన్న నల్లచుక్క.

ఆవిడ చివరి గుక్కకి
కప్పు ఎత్తినప్పుడల్లా
ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్లకి కనిపిస్తుంది.