ఒంటి కంటి దూరం

ఆటుకి నీళ్లు తొడలదాకా జారాయి.
సులవేసి తీరాన బజావుల ఇళ్లు
కొయ్యకాళ్ల మీద నిలబడి
తమ నీడల్ని తామే తొక్కుకుంటున్న వేళ
సలాంగ్ మావ పగడపు గుట్ట దగ్గర వంగాడు,
మొహం నీళ్లకి ఆనించి.

ఒక్క కన్నే. రెండోదాన్ని
సీసాలో దట్టించిన మందు తీసుకుపోయింది,
ఓ బుట్టెడు చేపలతో పాటు.

బొరియలోంచి గొల్లభామ రొయ్య తల పెట్టింది.
కాడల చివర కళ్లు, దేని తిరుగుడు దానిదే:
ఒకటి మావని చూస్తే, ఒకటి పడవలో నన్ను.

పరిశోధన కేంద్రంలో తొట్లు కడుగుతాను కదా,
విన్నవన్నీ ఒలకబోశాను.
దానికి రంగుల తలుపులు పన్నెండు, మనకి మూడే.
అయినా పసుపు దీపం కింద మేత పెట్టి అలవాటు చేస్తే
నారింజ దీపం దగ్గరికీ పోయి నిలబడుతుంది.
మావ పగలబడి నవ్వాడు:
"పన్నెండుమంది పెద్దలు కూర్చున్న మన పంచాయితీయే!"

బొరియ నోట్లో వెలుతురు మెలితిరిగి కనబడితే
లోపలెవరో ఉన్నారని తప్పుకుంటుందని చెప్పాను.
ఆ మెలిక మన కళ్లకి ఒట్టి నీళ్లే.
"మర్యాదస్తురాలు" అన్నాడు.

ఒక్కో కన్నూ తనలో తను మూడుగా చీలి చూస్తుందట.
రెండోది పోయినా
దెబ్బ ఎంత దూరాన తగలాలో ఒక్కటే కొలుస్తుందట.

నవ్వలేదు.
"మళ్లీ చెప్పు" అన్నాడు.
చెప్పాను, ఈసారి నెమ్మదిగా.

అంతలో అది చేతులు బార్లా చాపింది.
లోపలివైపు ఊదా మచ్చలు భగ్గుమన్నాయి.
మావ చెయ్యి వెనక్కి తీశాడు.
"గాజుతొట్టి పగలగొట్టే రకం" అన్నాను.
"ఇది కొట్టలేదు. నిన్నో మొన్నో కుబుసం విడిచింది.
పెంకు చూడు, లేత కొబ్బరిలా ఉంది."
"మరయితే పట్టు. కెందారి బేరగాడు మంచి ధర ఇస్తాడు."

పట్టలేదు.

"కట్టు విప్పిన నెలలో రుస్తాన్ అప్పుకింద పడవ కోసం వచ్చాడు.
తాడు అప్పటికే విప్పించాడు.
నిచ్చెన మీద కత్తి పట్టుకుని నిలబడ్డాను.
వాడి మెడ ఎంత దూరమో నాకు తెలీదు.
విసిరితే గుంజకి తగిలేదో, గాలికి తగిలేదో.
వాడు కత్తినే చూశాడు.
వెళ్లిపోయాడు."

నీళ్లు ఎక్కడం మొదలెట్టాయి.
మావ పడవ అంచు కోసం చెయ్యి చాపాడు,
జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు,
మళ్లీ చాపాడు.

నేను వల సర్దుతున్నట్టు తల దించుకున్నాను.
కింద ఆ రొయ్య మాత్రం
ఒక కన్ను అతని మీదే ఉంచింది.
చేతులింకా దించలేదు.