వెలగలేరు లస్కరు లెక్క

బుడమేరుకి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయో
పటం గీసి తెమ్మన్నారు నన్ను.

కొండపల్లి అడవి వెనక, గొడ్డలి అంచులాంటి గట్టు మీద
నా సీసా లాక్కుని ఏసుపాదం కాసిని నీళ్ళు ఒంపాడు.
"ఇటు జారింది బుడమేరు సొత్తు.
అటు జారింది మనది కాదు బాబూ."
తడి రెండుగా చీలి, చూస్తుండగానే ఇంకిపోయింది.
ఆ మాటే చెప్పడానికి నా యంత్రం
ఏడు ఉపగ్రహాలను అడిగింది.

ముప్పై ఒక్కేళ్ళు షట్టర్లు తిప్పిన లస్కరు.
రిటైరైనా గోళ్ళలో గ్రీజు పోలేదు.
పేరు లేని పాయలకి తనే పేర్లు పెట్టుకున్నాడు:
దూడ కొట్టుకుపోయిన పాయ,
సారాబట్టీ పాయ,
మరియమ్మ చేను కోసిన పాయ.
రాసుకోమన్నాడు. పేరుకిచ్చిన గడి చిన్నది,
ఒకటి, రెండు, మూడు అని వేశాను.
తొంగి చూశాడు. బీడీ ఆర్పేశాడు.

ఏప్రిల్ నెల.
ఏరంతా కలిపి ఒక గేదె పడుకునేంత మడుగు.
"దీనికా ఇంత రెగ్యులేటరు?" నవ్వాను.

తెల్లపొణికి మోడు మీద కూర్చుని చెప్పాడు:
"మా నాయన రోజుల్లో మైలవరంలో వాన పడిందంటే
నీళ్ళు ఇక్కడికొచ్చేలోపు
అన్నం వండుకుని, తిని, చెయ్యి కడుక్కునేవాళ్ళం.
కొండ బోడైంది. ఇప్పుడు ఎసరు కూడా మరగదు."

వెలగలేరు దగ్గర ఏటికి రెండు దారులు.
తవ్విన దారి థర్మల్ బూడిద పక్కగా కృష్ణలోకి.
పాత దారి బెజవాడ మధ్యగా,
ఏనికేపాడులో ఏలూరు కాలువ కిందుగా
తల వంచుకుని దూరి, కొల్లేటికి.
"కృష్ణ నిండుగా ఉందనుకో,
నిండిన బస్సు స్టాపులో ఆపుతాడా?
ఎక్కలేనిది నడిచి పోద్ది, తెలిసిన దారినే."
ఆగి అడిగాడు, "మీ ఇల్లెక్కడ బాబూ?"
సింగ్‌నగర్ అన్నాను. తొంభై గజాలు, బ్యాంకు లోను.
సీసా మూత బిగించి తిరిగిచ్చేశాడు.

ఆ రాత్రి పాత దారికి నీలిరంగు వేశాను.
గీత మందం రెండు మిల్లీమీటర్లు,
నేల మీద యాభై మీటర్లు.
మా వంటిల్లు, పక్కవాళ్ళ కుట్టుమిషను,
ఎదురింటి పాప ట్యూషను,
అన్నీ గీత లోపలే.
పెన్సిలు చెక్కుకుని
గీత కాస్త సన్నం చేశాను.
ఎవరూ పట్టుకోలేదు. పటం పాసైంది.

వానాకాలం చివర, అర్ధరాత్రి దాటాక ఫోను.
"మైలవరంలో దంచుతోందని కబురొస్తే
ఎసరు పెట్టా బాబూ.
ఇంకా మరగలేదు."
వెనకాల ఏదో హోరు. లైను తెగింది.

గ్యాసుబండ భుజానేసుకుని,
పక్కింటి తలుపు కాలితో తన్ని లేపి,
చీకట్లో మేడ మెట్లెక్కుతూ
ఆ పాయల పేర్లు పైకి చదువుకున్నాను.
దూడ. సారాబట్టీ.
మూడోది ఎంతకీ గుర్తు రాలేదు.