ఏడో మెట్టు

లైసెన్సు కాగితం పోస్టులో వచ్చి పదకొండు రోజులు.
గ్రీమ్స్‌పేటలో మా మిద్దె మీద
నీళ్ల ట్యాంకు నుంచి పక్కింటి పిట్టగోడ కడ్డీ దాకా
రాగి తీగ.
నలభై మీటర్ల బ్యాండుకు ఇరవై రెండు గజాలు కావాలంట.
మా మిద్దె ఇచ్చింది పద్నాలుగు.

నేను బట్టలు కుట్టేదాన్ని.
చాలని గుడ్డ నాకు కొత్త కాదు.
చంకలో ముక్క వేస్తాను, అంచు విప్పి వదుల్తాను.
తీగకు చంకా లేదు, అంచూ లేదు.

"అందుకే గదమ్మా ఈ డబ్బా" అన్నాడు చెంగల్రాయులు సారు,
టెలిఫోను ఎక్స్చేంజీలో ముప్పై ఏళ్ళు చేసి దిగినాయన.
రేడియో వైపు ఒక నాబ్, తీగ వైపు ఒక నాబ్,
నడిమధ్య చుట్టకు పన్నెండు మెట్లు.
అద్దం వెనక రెండు ముళ్ళు:
ఒకటి పోయేది, ఒకటి తిరిగొచ్చేది.
పంపిందంతా తీగ తీసుకోదు.
నచ్చనిది వాపసు.
జాకెట్టు మొహాన కొట్టి పోయే గిరాకీలు
నాకు తెలియకపోతే గదా.

మొదటి రాత్రి తొందరపడ్డాను.
మైకు నొక్కిపట్టుకునే చుట్ట తిప్పాను.
డబ్బాలో టిక్కుమని నీలం మెరుపు,
కాలిన వాసన.
సారు తిట్టలేదు.
"మిషను తొక్కతా తొక్కతా
సూదిలో దారం ఎక్కిస్తావా?" అన్నాడు.
అంతే.

ఈ రాత్రి ముందు వినడమే.
పంపేది లేదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మోటార్ల గరగర,
ఎవరింట్లోదో ఎల్‌ఈడీ బల్బు సన్నటి ఏడుపు,
ఏ సముద్రం మీదో ఉరుము.
చుట్ట ఒక మెట్టు. ఇంకో మెట్టు.
ఏడో మెట్టు దగ్గర
రేకుల షెడ్డు మీద వాన అందుకున్నట్టు
హుష్షు ఒక్కసారి పెద్దదైంది.

సారు స్పీకరు వైపు చూడటం లేదు.
నా ముఖం చూస్తున్నాడు.
రెండు వేళ్ళు స్పీకరు జాలీ మీద పెట్టి,
జ్వరం చూసేవాడిలా.
"పెద్దదయిందా?"
అంత సన్నటి చప్పుళ్ళు ఆయన చెవిని వదిలి
ఎన్నేళ్ళయిందో నేను అడగలేదు.
"అయింది సార్. ఇంకా తిప్పితే తగ్గుతోంది."
"అయితే ఎనక్కి రా."

ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అని రెండుసార్లు అడిగాను.
ఎవరూ లేరు.
పది వాట్లు, అంతకు మించకుండా.
రెండు ముళ్ళూ లేచి
కత్తెర రెక్కల్లా అడ్డం పడ్డాయి.
ఈ నాబ్ గోరంత, ఆ నాబ్ అరగోరంత.
ఒకదాన్ని బుజ్జగిస్తే రెండోది అలుగుతుంది,
మళ్ళీ దీని దగ్గరకు, మళ్ళీ దాని దగ్గరకు.
ఉన్నట్టుండి తిరిగొచ్చే ముల్లు
సున్నా పక్కన పడుకుంది.
ముల్లు చూడ్డానికి చెవులతో పనిలేదు.
నాకన్నా ముందు సారే నవ్వాడు.

"తీగ సరిపోయిందా సార్?"
"యాడ సరిపోతాది? అది పద్నాలుగు గజాలే.
రేడియో మనసు కుదిరింది, అంతే.
మిగతా తగువు కేబుల్లో జరగతానే ఉంటాది.
కొంత వేడయి పోతాది. పోనీ."

జాకెట్టు ఒంటికి సరిపోయిందంటే
గుడ్డ పెరిగినట్టు కాదని
నేను ఏ గిరాకీకీ చెప్పలేదు.

మూడోసారి పిలిచినప్పుడు మధురై నుంచి ఒకాయన పలికాడు.
సన్నగా ఉంది కానీ
మాట మాట విడిగా వస్తోందన్నాడు.
"ఏమంటాడు? ఏమంటాడు?" అని సారు.
కేకేసి చెప్పాను.
మైకు ఇంకా నొక్కే ఉందని
మధురై ఆయన నవ్వితే గానీ తెలియలేదు.

కొలతల పుస్తకంలో,
ఛాతీ ముప్పై ఆరు, పొడవు పద్నాలుగున్నర,
కుచ్చులు వద్దు అన్న పేజీకి ఎదురుగా రాసుకున్నాను:
ఏడు మెగాహెర్ట్జ్, ఎనభై అయిదు.
చుట్ట ఏడు. రేడియో వైపు నాలుగు.
తీగ వైపు ఆరున్నర,
కొంచెం ఎడమకు.