అరవై ఒకటి దగ్గర

లాప్‌టాప్ విప్పే ముందు
కిటికీ ఇనప చువ్వని ఓసారి ముట్టుకుంటాను.
మొక్కు కాదు.
ఒంటికి పట్టిన కరెంటు చీమంత కూడా
బోర్డు మీదికి దూకకూడదని.

కాశీబుగ్గలో, రైలు గేటుకి ఇవతల, నా కొట్టు.
ఒక బల్ల, రెండు స్క్రూడ్రైవర్లు,
మరలు దొర్లిపోకుండా పాత ఇడ్లీ రేకు.
ఏ గుంటలోది ఆ గుంటలోంచే తీసి బిగిస్తాను.

నిన్న సాయంత్రం జీడి ఫ్యాక్టరీ గుమస్తా ఢిల్లేశ్వర్రావు గారు
లాప్‌టాప్‌ని చంకన పెట్టుకొచ్చారు.
"టిక్కుటిక్కుమంతంది పాపా,
గోడగడియారం మింగినట్టు."
చెవి ఆనించాను.
లోపల పళ్లెం తిరుగుతోంది, సూది దారి తప్పుతోంది.
"మరి ఆన్ చెయ్యకండి. చేసినప్పుడల్లా కొంత గీరుకుపోద్ది."
"పన్నెండేళ్ల హాజరు పద్దు!
కాగితాలన్నీ తిత్లీ తుఫానుకి ముద్దయిపోనాయి."
ఇంకో కాపీ లేదా అంటే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు.
మూత లేదు, మూతి వంకర.
పనవగానే పుటుక్కున పీకేస్తారట.
గుచ్చి చూస్తే, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగింది.
ఇద్దరిలో ఎవరమూ నవ్వలేదు.

ముందు బ్యాటరీ తీగ ఊడదీశాను.
పాత డ్రైవ్‌ని పక్కకి జరిపాను, పైకి పీకకుండా.
పాతదీ కొత్తదీ నా కంప్యూటర్‌కి తగిలించి
ఏది ఏదో మూడుసార్లు చూసుకున్నాను.
తారుమారైతే
ఖాళీయే వెళ్లి నిండుదాని మీద కూర్చుంటుంది.

రాత్రి పదిన్నరకి గూడ్సు వెళ్లింది.
బల్ల వణికింది.
డ్రైవ్ కింద తువ్వాలు మడిచి పెట్టి
ఊపిరి కూడా మెల్లగా తీశాను.
అరవై ఒకటి శాతం దగ్గర అంకె ఆగిపోయింది.

చదవలేని ఫైళ్లు పదకొండు.
పేర్లు చూడక తప్పదు, లోపల చూడను.
పెళ్లి ఫోటోలైనా పద్దులైనా ఈ కొట్టులో అదే కట్టు.
ఏడో పేరు: హాజరు, పై షెడ్డు.

పై షెడ్డులో పిక్కలు కొట్టింది మా అమ్మ దాలమ్మ.
పీఎఫ్ ఆఫీసు అడుగుతున్న రెండేళ్లూ అక్కడే.
జీడి నూనెకి వేళ్ల గీతలు అరిగిపోయి
పింఛను మిషను ఆవిడని పోల్చుకోదు,
మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంటుంది.

అన్నం కేరియర్ పట్టుకొచ్చి నా వెనకే నిలబడింది.
"నా పేరుందేటే అందులో?"
"తెరవలేదమ్మా."
"తెరువు మరి."
"మనది కాదు."
కేరియర్ గిన్నెలు విడదీస్తూ, నా వైపు చూడకుండా,
"పద్దు ఆయనదే. పని నాది కాదేటి?" అంది.

జవాబు లేదు నా దగ్గర.
చివరి నించి వెనక్కి చదవమని డ్రైవ్‌కి చెప్పాను,
ఒక్కో ముక్క, తొందరలేదని.
అన్నం చల్లారింది.
పన్నెండింటికి కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమంది, మళ్లీ వచ్చింది.
తెల్లారుజామున టీ బండి స్టవ్వు ముట్టించే వేళకి
పదకొండులో ఎనిమిది వచ్చాయి.
ఏడోది వచ్చింది.

పొద్దున్న ఢిల్లేశ్వర్రావు గారొచ్చి ముందు బేరమాడారు,
మూడొందలు తగ్గించమని.
"తగ్గిస్తాను. ఆ ఫైలు మీరే తెరవండి, మా అమ్మ చూస్తాది."
ఆయన అమ్మని చూశారు, చెప్పులు చూసుకున్నారు, తెరిచారు.
కొత్త పెన్‌డ్రైవ్‌లోకి కాపీ ఎక్కించారు.
పీకబోయి నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.
ఇప్పుడు తియ్యవచ్చు అని తెర చెప్పేదాకా
చేతులు కట్టుకు నిలబడ్డారు, బడిపిల్లాడిలా.

అమ్మకి చదువు రాదు.
ఏదీ అని అడిగి, నేను చూపించిన వరస మీద వేలు పెట్టి
నెలాఖరు దాకా జరిపింది.

తెర మీద
గీతల్లేని మరక ఒకటి.
తుడిచి ఇవ్వడం కూడా నా పనే.
నిన్న తుడిచాను గదా అనుకున్నాను.