వంద వరకు

ఇరవై ఆరేళ్లు కర్నూలు బజార్లలో
తూకపురాళ్లకు ముద్రలు వేసిన చేయి ఇది.
పెట్రోలు బంకుల్లో అయిదు లీటర్ల డబ్బా పట్టుకొని
నురుగు దిగేదాకా నిలబడ్డ కాళ్లు ఇవి.
నాకే చెప్పి పోయినాడు మద్దిలేటి,
గోడ మీది డబ్బాలో పచ్చదీపం వెలగంగానే:
"వంద వస్తాది మేడమ్. వంద వరకు."

వరకు!
కందిపప్పు కిలో వరకు అని
ఏ కొట్టాయన అన్నా
ఆ పూటే కాటా జప్తు చేసి ఉందును.

మొదటి రోజే దొరికింది దొంగతనం.
మేనకోడలు పాఠాల వీడియో దించుకుంటోంది,
సెకనుకు పదకొండు.
వంద అమ్మి పదకొండు తూస్తారా అని ఫోన్లో అరిస్తే
మద్దిలేటి, పాపం, బండి పక్కకు ఆపి చెప్పినాడు:
"అట్ల కాదు మేడమ్. అమ్మేది బిట్లల్లో,
మీకు కనపడేది బైట్లల్లో.
ఎనిమిది బిట్లు కూడితేనే ఒక బైటు."

మా అవ్వ ఇత్తడి గిద్ద, తవ్వ
అటక మీంచి దించి బియ్యం పోసి చూసుకున్నాను.
ఎనిమిది గిద్దలకు తవ్వ నిండింది.
వంద గిద్దలంటే పన్నెండున్నర తవ్వలు,
దారిలో రాలేది కొంత.
లెక్క సరే.
తవ్వల సరుకుకు గిద్దల్లో ధర చెప్పే బుద్ధికి మాత్రం
నేను చదివిన చట్టంలో సెక్షన్ లేదు.

ఆ తర్వాత ముల్లును పట్టుకున్నాను.
ఫోన్లో మీట నొక్కితే వణుక్కుంటూ పాకి
తొంభై నాలుగు దగ్గర ఊగే ముల్లు.
దీనికి ముద్ర ఎవరు వేశారు?
ఎందాకా పోయి వచ్చి చెబుతోంది?
అడుగున చీమతలకాయంత అక్షరాలు:
హైదరాబాదులో, ఆ కంపెనీ సొంత సర్వరు దాకా.
వ్యాపారి సరుకును వ్యాపారి రాయితోనే తూచడం
నాకు కొత్తేం కాదు.
ఊరు మార్చి నొక్కాను.
ముంబై, డెబ్బై ఒకటి.
సింగపూరు, ముప్పై ఎనిమిది.
మనం పైకి పంపేది ఏ ఊరికైనా పదే.
ఇచ్చే చెయ్యి పెద్దది, పుచ్చుకునే చెయ్యి చిన్నది,
అదీ ఒక వింత.

రిజిస్టరులో మిగిలిన కాగితాల మీద గళ్లు గీసుకున్నాను.
తీగ తగిలించి, తొంభై రెండు.
తీగ లేకుండా హాల్లో, ఎనభై.
వంటింట్లో, తొమ్మిది.
తొమ్మిదా!
కేసు రాయడానికి కలం మూత తీసినాక కనపడింది:
దుమ్ము పడుతుందని ఆ డబ్బాను
ఇనుప బీరువా వెనక్కి తోసింది నేనే.
ఆపైన గోడ, గోడ నిండా కడప బండల అరలు.
ఇన్నేళ్లలో ఎన్ని త్రాసులు తిరగేశానో,
పళ్లెం అడుగున అంటించిన చింతపండు
వేలితో గీకి ఎంతమందికి చూపించానో.
ఈసారి చింతపండు నాది.

డబ్బా జరిపాను. ముప్పై అయిదు.
మద్దిలేటికి ఈ సంగతి చెప్పలేదు.

రాత్రి తొమ్మిదికి ఎప్పుడు నొక్కినా ఇరవై దాటదు.
బుధవారపేట అంతా
ఒకే కుళాయి కింద బిందెలు పెట్టినట్టు,
పైవాటాలో షాహీన్ వాళ్ల సీరియల్,
ఎదురింట్లో క్రికెట్, మూలింట్లో ఎవరిదో పెళ్లి వీడియో.
తెల్లవారి నాలుగుకు తొంభై ఏడు.
వంద దాదాపు అంతా నాదే అప్పుడు,
దాంతో చేసుకునే పనే లేదు.

నెల తిరిగేసరికి
ముల్లును చూసి చెప్పగలను వీధి పడుకుందో లేదో.
నిన్న మూడుంబావుకు మెలకువ వచ్చి నొక్కితే
అరవై ఒకటి.
మళ్లీ నొక్కాను. అరవై ఒకటే.
కిటికీ తీసి చూస్తే అన్ని ఇళ్లూ చీకటి.
ఎవరో మేలుకొని ఉన్నారు.

టైము రాశాను, అంకె రాశాను.
ఎవరో, ఎందుకో రాయడానికి
నేను గీసిన గళ్లలో చోటు లేదు.